ఊ కొట్టించుకోని కథలు

మొన్న సంక్రాంతికి కోనసీమలో మా ఇంటికొచ్చిన మేనకోడలు, ఎనిమిదేళ్లది, ఫోన్లో విన్నీ ద పూ కోసం వెతికింది. తేనె తినే ఎలుగుబంటి రావలసిన చోట మనుషుల్ని వేటాడి చంపే ఎలుగుబంటి వచ్చింది. రెండు రాత్రులు లైటు ఆర్పనివ్వలేదు. పిల్లల కథల్ని ఇలా పాడుచేస్తారా అని మా అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

దారి తెరిచింది చట్టం. ఆ ఎలుగుబంటి పుస్తకం 1926లో వచ్చింది. అమెరికాలో ఆ కాలపు పుస్తకాలకు కాపీరైటు 95 ఏళ్లు. 2022 జనవరి 1న గడువు తీరింది, 2023లో హారర్ సినిమా విడుదలైంది.

కానీ చాలా కథల్లో ఈ చీకటి కొత్తగా పోసింది కాదు. 1697లో ఫ్రెంచి రచయిత పెరో అచ్చువేసిన ఎర్రటోపీ పిల్ల కథలో తోడేలు పిల్లను మింగేస్తుంది, అంతే, కాపాడేవాడు రాడు. 1812లో జానపద కథలు సేకరించిన జర్మనీ గ్రిమ్ సోదరుల మొదటి కూర్పులో స్నో వైట్‌ను చంపించబోయింది కన్నతల్లే. తర్వాతి కూర్పుల్లో ఆమెను సవతితల్లిని చేశారు. చివర్లో ఆమె కాళ్లకు తొడిగిన, నిప్పుల్లో కాల్చిన ఇనపచెప్పుల్ని మాత్రం అలాగే ఉంచారు! అమ్మ పరువు కాపాడారు గానీ, పిల్లల భయం వాళ్లకు పట్టలేదు. పాడుబడ్డ కోటలూ వంశశాపాలూ నిండిన గోథిక్ నవల 1764లో ఇంగ్లీషు రచయిత వాల్పోల్‌తో మొదలైంది. ఇప్పటి హారర్ కథలు ఆ సరంజామానే పిల్లల కథలకు తగిలిస్తున్నాయి.

మన వైపు మాత్రం భయం లేకుండా పెరిగామా? 1753లో ఏలూరు, రాజమండ్రి సర్కార్లు ఫ్రెంచివాళ్ల చేతికొచ్చాయి. అన్నం తినకపోతే వస్తాడనే బూచాడు వాళ్ల సేనాని బుస్సీయేనని పెద్దలు చెప్పుకుంటారు. చందమామలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం కేసి నడిచేవాడు. అది చదివి మేం హాయిగా నిద్రపోయేవాళ్లం.

ఇక బాలనాగమ్మ. మాయల ఫకీరు ఆమెను కుక్కను చేసి ఎత్తుకుపోతాడు, వెతుక్కుంటూ వచ్చిన మొగుణ్ణి రాయిని చేస్తాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. మా అమ్మ చెప్పినప్పుడు ఆ చిలక ఉండే చెట్టు మా పంటకాలవ గట్టు మీది మర్రే. కరెంటు పోయి, అరుగు మీద లాంతరు పెట్టి చెబుతుంటే మేం ఊ కొట్టాలి. ఊ గట్టిగా వస్తే ఫకీరు గొంతు పెంచేది. నీరసిస్తే రాజ్యం మారిపోయేది, పూలతోట వచ్చేది. భయం పాళ్లు అమ్మ చెవిలో ఉండేవి. ఫోను ఎవరి ఊ కోసమూ ఆగదు. నాకు కోపం అక్కడే, ఎలుగుబంటి మీద కాదు.

మూడో రాత్రి మేనకోడలే అడిగింది, "అమ్మమ్మా, భయం కథ చెప్పు" అని. అమ్మ బాలనాగమ్మ ఎత్తుకుంది. మొగుడు రాయి అయ్యేచోట ఊ ఆగిపోయింది. చీకట్లో అమ్మ చెయ్యి పిల్ల వీపు మీదికి వెళ్లింది. ఫకీరునీ చిలకనీ అక్కడే వదిలేసింది.

"అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు..."

నాలుగో చేప ఎండేసరికి మళ్లీ ఊ వినిపించింది.