జల్లెడ షీటు మోడల్ ఎందుకు మొరాయిస్తుంది? అపోహలు - వాస్తవాలు

బెంగళూరు పీణ్యలోని మా క్యాడ్ (కంప్యూటర్‌లో 3డీ మోడల్స్ గీసే) ఆఫీసులో కొత్తగా చేరిన అనంతపురం కుర్రాడు మొన్న క్యారియర్ విప్పుతూ, "అన్నా, ప్యాటర్న్ పెట్టి వచ్చా, తినేలోపు అయిపోతుందిలే" అన్నాడు. ప్యాటర్న్ అంటే ఒక హోల్‌ని వరసలుగా నకళ్లు తీయించడం. చేతులు కడుక్కుని వచ్చేసరికి స్క్రీన్ మీద గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

వాడు చేస్తున్నది మెషిన్ కవర్. 600 × 400 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) షీటు, మందం 1.5 మి.మీ. అంచులు వదిలి 560 × 360 జాగాలో 3 మి.మీ. హోల్స్, పిచ్ (పక్కపక్క హోల్స్ కేంద్రాల మధ్య దూరం) 5, అరవై డిగ్రీల జిగ్‌జాగ్ వరసలు. లెక్కేస్తే సుమారు 9,300 హోల్స్. మనకది జల్లెడ. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం 9,300 గుండ్రటి గోడలు, వాటికి 18,600 అంచులు.

అపోహ: మంచి గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే సరి.

ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి. మోడల్‌ని తిప్పినప్పుడా, కొలత మార్చినప్పుడా? తిప్పడం కార్డు పని. రీబిల్డ్, అంటే మార్పు తర్వాత మోడల్‌ని మళ్లీ లెక్కకట్టడం, ప్రాసెసర్ పని. ఒక ఫీచర్ (కోత, హోల్ లాంటి ఒక్కో అడుగు) తేలితే కానీ తర్వాతది మొదలవదు కాబట్టి అది చాలావరకు ఒక్క కోర్ మీదే నడుస్తుంది, మిగతావి చూస్తూ కూర్చుంటాయి. సాలిడ్‌వర్క్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్-క్యూ (పూర్తి రీబిల్డ్) కొట్టి పర్ఫార్మెన్స్ ఎవాల్యుయేషన్ తెరిస్తే ఏ ఫీచర్ ఎంత సమయం తిన్నదో తెలిసిపోతుంది. మా వాడి మోడల్‌లో దాదాపు అంతా ఆ ఒక్క ప్యాటర్నే. తిప్పేటప్పుడే ఈడుస్తుంటే ఇమేజ్ క్వాలిటీ తగ్గించి, అంచుల గీతలు ఆపేయండి. వృత్తాన్ని 24 గీతలుగా చూపినా ఒక్కో హోల్ గోడకి 48 త్రిభుజాలు, మొత్తం దాదాపు నాలుగున్నర లక్షలవుతాయి.

అపోహ: వృత్తాలన్నీ ఒకే స్కెచ్‌లో గీసి ఒక్క కట్ ఇస్తే తేలిక.

మొదట్లో నేనూ ఇలాగే చేసేవాణ్ణి. ఫీచర్ ఒకటే కదా అని ధీమా. కానీ వేల వృత్తాల కొలతలు, రిలేషన్లు అన్నీ స్కెచ్ సాల్వర్ (గీతల లెక్క తేల్చే భాగం) నెత్తిన పడతాయి. తర్వాత ఆ స్కెచ్ తెరవాలంటేనే టెన్షన్. ఒక్క హోల్ కోసి, ఆ ఫీచర్‌ని ప్యాటర్న్ చేయడం మేలు. సాలిడ్‌వర్క్స్‌లో జామెట్రీ ప్యాటర్న్ టిక్ పెడితే ప్రతి హోల్‌నీ మళ్లీ లెక్కకట్టకుండా మొదటిదాన్నే నకలు తీస్తుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లే అయిన ఇన్వెంటర్‌లో ఆప్టిమైజ్డ్, క్రియోలో ఐడెంటికల్ ఉన్నది కూడా ఇలాంటి పనికే. హోల్స్ మాత్రం అచ్చం ఒకేలా ఉండాలి. ఈ ప్యాటర్న్‌ని ట్రీలో (ఫీచర్ల జాబితాలో) చివరికి తోసేయండి, పైన ఏది మార్చినా అది మళ్లీ లెక్కకొస్తుంది కనుక పని జరిగినంతసేపూ సప్రెస్‌లో (లెక్కలోంచి తీసేసి) ఉంచండి.

స్టెప్ ఫైలుగా (ఏ క్యాడ్ సాఫ్ట్‌వేర్ అయినా తెరవగల ఫైలు) మార్చి తిరిగి తెచ్చుకుంటే తేలికవుతుందనేవాళ్లూ ఉన్నారు. ఫీచర్లు పోతాయి, రీబిల్డ్ బాధ తీరుతుంది. 9,300 గోడలు మాత్రం ఎక్కడివక్కడే. హైడ్ చేసినా అంతే, కంటికి కనబడదు గానీ మెమరీలోంచి పోదు.

అపోహ: ప్రతి హోల్ మోడల్‌లో లేకపోతే వెండర్ చేయలేడు.

నన్నడిగితే అసలు చిక్కంతా ఈ నమ్మకంతోనే. పెర్ఫరేటెడ్ (హోల్స్ కొట్టిన) షీటు రెడీమేడ్‌గా కొనేదైతే డ్రాయింగ్‌లో హోల్ సైజు, పిచ్, వరసల తీరు, వదలాల్సిన అంచు రాస్తే చాలు. అసెంబ్లీలో ఆ జాగాకి జల్లెడ బొమ్మ అతికిస్తే చూడ్డానికీ బాగుంటుంది.

"మరి బరువు తప్పుతుంది కదన్నా?" అన్నాడు మా వాడు. మంచి ప్రశ్నే. అరవై డిగ్రీల వరసలకి ఖాళీ శాతం అంటే 90.69ని హోల్ వ్యాసం వర్గంతో గుణించి, పిచ్ వర్గంతో భాగించాలి. ఇక్కడ హోల్స్ ఉన్న 560 × 360 జాగాకి 32.65 వస్తుంది. నిండు షీటు 2.83 కిలోలు, హోల్స్ పోగా 2.05. ఆ అంకెని మాస్ ప్రాపర్టీస్‌లో ఓవర్‌రైడ్‌గా (సాఫ్ట్‌వేర్ లెక్కకి బదులు మన అంకెగా) ఇచ్చేస్తే అయిపోయింది.

లేజర్‌లో కోయించాలంటే మాత్రం డీఎక్స్‌ఎఫ్‌లో (కటింగ్ షాపుకి పంపే 2డీ డ్రాయింగ్ ఫైలు) అన్ని హోల్సూ ఉండాల్సిందే. దానికోసం ఒక కాన్ఫిగరేషన్ (అదే మోడల్‌కి ఇంకో రూపం) విడిగా ఉంచుకుంటాం. ఒకసారి నేను పంపిన ఫైలు చూసి కటింగ్ షాపు ఆపరేటర్ ఫోన్ చేశాడు. "సార్, మీ హోల్స్ గుండ్రంగా లేవు, పలకలు పలకలుగా ఉన్నాయి. పైగా ఒకదాని మీద ఇంకోటి ఉంది, రెండుసార్లు కోస్తుంది" అన్నాడు. ఎక్స్‌పోర్ట్‌లో వృత్తాలన్నీ చిన్న చిన్న గీతలుగా ముక్కలైపోయాయి, నేను చూసుకోలేదు. ఇప్పుడు పంపేముందు ఏదో ఒక హోల్ మీద క్లిక్ చేస్తాను. సర్కిల్ అని, దానికో వ్యాసార్ధం చూపించాలి. తర్వాత దాన్ని డిలీట్ చేసి, కింద ఇంకోటి మిగిలిందేమో చూసి, అన్‌డూ కొట్టి పంపుతాను.