కీచురాళ్ల పిండి గొడవ: మలుపు ఎక్కడ?

‘బిస్కెట్లలో కీచురాళ్ల పొడి కలుపుతున్నారట’ అనే మెసేజ్ హన్మకొండ, కాజీపేట ఫ్యామిలీ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. పురుగుల్లో ప్రొటీన్ ఎక్కువని, వాటిని పెంచడానికి మేత తక్కువ చాలని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ నివేదిక వచ్చినప్పటి నుంచీ వింటున్నదే. ఇప్పటి అనుమానం మొదలైంది మాత్రం 2023 జనవరిలో.

కొవ్వు కొంత తీసేసిన ఇంటి కీచురాళ్ల పొడిని రొట్టె, బిస్కెట్, పాస్తాల్లో వాడేందుకు యూరోపియన్ యూనియన్ అప్పుడు ఒక వియత్నాం కంపెనీకి అనుమతి ఇచ్చింది. మీల్‌వార్మ్‌కు 2021 జూన్‌లోనే ఓకే చెప్పింది. అది మనం పిండి జల్లించి పారబోసే పురుగుకు దూరపు చుట్టమే. పురుగు కంటికి కనపడకపోతే జనం తింటారని కంపెనీల లెక్క. జరిగింది వేరు. కనపడకపోయేసరికే జనానికి డౌట్ వచ్చింది. పురుగు పేరు లేబుల్ మీద వేయాలని రూల్ ఉన్నా నమ్మలేదు. ఇటలీ అదే ఏడాది ఇలాంటి సరుకును వేరే అరలో పెట్టాలంది. 2025 జనవరిలో మీల్‌వార్మ్ పొడిని రొట్టెలో 4 శాతం దాకా కలపొచ్చన్నప్పుడూ ఇదే రభస.

మనోళ్లకు పురుగంటేనే అసహ్యమని, అలవాటు చేస్తే సరిపోతుందని ఈ వ్యాపారం వైపు వాళ్లంటారు. వాళ్లు తొలకరికి ఓ పల్లెకు పోయి చూడాలి. దీపం కింద నీళ్ల బేసిన్ పెట్టి ఉసిళ్లు పడతారు. చాటలో చెరిగితే రెక్కలు ఎగిరిపోతాయి. పెనం మీద దోరగా వేయించి, ఉప్పూ కారం చల్లుకుని తింటారు. ములుగు అడవుల్లో గుత్తికోయలు ఎర్రచీమల పచ్చడి నూరుకుంటారు. ఏం తింటున్నారో వాళ్లకు తెలుసు. ప్యాకెట్ కొనేవాళ్లు అడుగుతున్నదీ అదే.

మన దేశంలో ఇలాంటి కొత్త రకం ఆహారానికి 2017 నిబంధనల ప్రకారం కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముందస్తు అనుమతి ఉండాలి. కీటకాల పిండి కలిస్తే మాంసాహార గుర్తు వేయాలి. ఆ గుర్తు కోడో కీచురాయో చెప్పదు. రొయ్యలు పడనివాళ్లకు కీచురాళ్లూ పడకపోవచ్చు. అందుకే యూరప్‌లో ఆ హెచ్చరిక ప్యాకెట్ మీద తప్పనిసరి. మన 2020 లేబులింగ్ నిబంధనల్లోని అలర్జీ జాబితాలో రొయ్యల జాతి ఉంది, కీటకాలు లేవు.