పిట్ట పాట: అపోహలు - వాస్తవాలు (ముఖ్యంగా ఆ ఒక్క అపోహ)

వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఏటా కొత్తగా పుట్టుకొస్తుంది. "మగ పిట్టపిల్లను తల్లిదండ్రుల నుంచి తొందరగా వేరు చేయండి. ఒంటరిగా పెట్టి పంజరం మీద గుడ్డ కప్పండి. మంచి పాట ఉన్న వీడియో పొద్దునా సాయంత్రం వినిపించండి. మూడు నెలల్లో అదే పాట అందుకుంటుంది." ఎవరు రాశారో గానీ, చెన్నైలో మా క్లినిక్‌కు ఫించ్‌లు, కెనరీలు (రెండూ పంజరాల్లో పెంచే చిన్న పాటపిట్టలు), కాక్‌టీల్‌లు (తలపై జుట్టుండే చిన్న చిలుకలు) తెచ్చే తెలుగువాళ్ళలో దీన్ని ఒక్కసారైనా ఫార్వర్డ్ చేయనివాళ్ళు అరుదు. మూడు నెలలు ఆగి వస్తారు. "గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది, చూడండి మేడమ్" అంటారు. చూస్తాను. గొంతు శుభ్రంగా ఉంటుంది.

మిగతా అపోహలు చివర్లో గబగబా చెప్పేస్తాను. అన్నింటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే.

అపోహ: ఒంటరిగా ఉంచి రికార్డింగ్ వినిపిస్తే పాట బాగా వస్తుంది

జీబ్రా ఫించ్ సంగతే చూడండి. మగపిల్ల సుమారు 25వ రోజు నుంచి 65వ రోజు దాకా పెద్ద మగపక్షి పాటను, మామూలుగా తండ్రి పాటనే, మనసుకు పట్టించుకుంటుంది. 35వ రోజు అటూ ఇటూగా తనూ గొణగడం మొదలుపెడుతుంది. మొదట్లో అది పాటలా ఉండదు, ఏదో నమిలినట్టు ఉంటుంది. 90వ రోజుకల్లా గట్టిపడి, ఇక జన్మంతా దాదాపు అదే పాటతో ఉండిపోతుంది. మరి మన దగ్గర పిల్లల్ని ఎప్పుడు అమ్ముతారు? సొంతంగా కొర్రలు వొలుచుకుని తినగానే, అంటే ఐదారు వారాలకు. పల్లవరం శుక్రవారం సంతలో కొన్నా, తెలిసిన బ్రీడర్ దగ్గర కొన్నా దాదాపు అదే వయసు. పాఠం సగంలో ఉండగా పిల్లను లేపి తెచ్చుకుంటున్నామన్నమాట.

"కానీ పాట వినిపిస్తున్నాం కదా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుకున్నారు. అమెరికాలో తలమీద తెల్ల చారలుండే పిచ్చుకలకు టేపులు వినిపించి, 50 రోజులు దాటితే ఇక కొత్త పాట నేర్చుకోవని తేల్చారు. వేరే జాతి పాట అసలే ఎక్కదన్నారు. 1984లో లూయిస్ బాప్టిస్టా, లూయిస్ పెట్రినోవిచ్ టేపు పక్కన పెట్టి, పక్క పంజరంలో బతికున్న పక్షిని పెట్టి చూశారు. 50 రోజులు దాటిన పిల్లలు కూడా నేర్చుకున్నాయి. అంతేకాదు, పక్కన పెట్టింది వేరే జాతి పక్షి అయితే దాని పాట కూడా నేర్చుకున్నాయి. ఆ వేరే జాతి గురువు ఎవరనుకున్నారు? మన చెరువుగట్ల రెల్లులో తిరిగే ఎర్ర మునియా! టేపులో తన జాతి పాట తప్ప ఇంకేదీ పట్టించుకోని అమెరికా పిచ్చుక, కంటికి ఎదురుగా ఉండి బదులు పలికే మునియా దగ్గర మాత్రం శిష్యరికం చేసింది.

ఇక్కడ బ్రీడింగ్ చేసేవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. పొదగని జంట గుడ్లను బెంగలీస్ ఫించ్‌ల (ఇంకో పెంపుడు ఫించ్ జాతి) కింద పెట్టడం మనకు మామూలే. జర్మనీలో క్లౌస్ ఇమ్మెల్మాన్ 1960ల్లోనే జీబ్రా ఫించ్ గుడ్లను అలా పెట్టి చూశాడు. అదే గదిలో వేరే జీబ్రా ఫించ్‌లు పాడుతూనే ఉన్నా, పిల్లలు తమకు మేత పెట్టిన బెంగలీస్ తండ్రి పాటే నేర్చుకున్నాయి. పెద్దయ్యాక సొంత జాతి ఆడపక్షిని వదిలి బెంగలీస్ ఆడపక్షుల వెంట పడ్డాయి. పాట ఎవరి దగ్గర నేర్చుకుందో, మనసు కూడా అక్కడే పెట్టుకుంది. "మంచి రంగున్న జంటను కొన్నాను, ఒకదాన్నొకటి చూసుకోవడం లేదు" అని ఫోన్ చేసేవాళ్ళను నేను మొదట అడిగేది అదే: ఎవరి కింద పెరిగింది?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాట నేర్పేది మగపక్షి ఒక్కటే అనుకుంటాం. అసలు పాడనే పాడని ఆడపక్షి కూడా నేర్పుతుంది. అమెరికాలో కౌబర్డ్ అని ఒకటుంది. మన కోయిలలాగే పరాయి గూట్లో గుడ్లు పెడుతుంది. కౌబర్డ్ ఆడపక్షికి పాట లేదు. కానీ కుర్ర మగపక్షి రకరకాలుగా పాడి చూస్తుంటే, నచ్చిన ముక్క దగ్గర ఆమె రెక్కను చటుక్కున ఒక్కసారి విదిలిస్తుంది. అంతే. మగపక్షి ఆ ముక్కను పట్టుకుంటుంది, మిగతావి వదిలేస్తుంది. మెరిడిత్ వెస్ట్, ఆండ్రూ కింగ్ దీన్ని వీడియో తీసి 1988లో ప్రచురించారు. జీబ్రా ఫించ్‌లలో కూడా ఇలాంటిదే 2019లో బయటపడింది. కుర్ర మగపక్షి సరైన దారిలో పాడినప్పుడు ఆడపక్షి ఒళ్ళు ఉబ్బించే వీడియో చూపిస్తే, దాని పాట మెరుగైంది. అదే వీడియో దాని పాటతో సంబంధం లేకుండా ఎప్పుడంటే అప్పుడు వేస్తే ఆ మేలు కనబడలేదు. కాబట్టి వీడియో అన్న వస్తువు మీద నాకు పగేమీ లేదు. మీ ఫోన్‌కు పిట్ట ఏం పాడిందో వినబడదు, అదీ గొడవ.

కౌబర్డ్ కథ ఇంకా ఉంది, ఇది మాత్రం నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. తోటి మగపక్షులు లేకుండా పెంచిన కౌబర్డ్ పాటను రికార్డు చేసి ఆడపక్షులకు వినిపిస్తే, మామూలు మగపక్షుల పాటకంటే దానికే ఎక్కువ స్పందించాయి! ఇది విని మన వాట్సాప్ మేధావులు ఎగిరి గంతేస్తారు. కాస్త ఆగండి. ఆ మగపక్షిని గుంపులో వదిలితే, అదే పాట పాడినందుకు పెద్ద మగపక్షులు మీదపడి తరిమి కొట్టాయి. ఎవరి ముందు పాడాలో, ఎప్పుడు తగ్గాలో, ఎంత దగ్గరికి వెళ్ళాలో దానికి తెలియదు. రికార్డింగ్ విని కీర్తన బట్టీపట్టినవాణ్ణి డిసెంబర్ సీజన్‌లో మృదంగం, వయొలిన్ మధ్య కూర్చోబెట్టినట్టు. కుర్ర మగ కౌబర్డ్‌లను కెనరీలతో కలిపి పెంచితే, ఆడ కౌబర్డ్‌లను వదిలేసి కెనరీలకే పాడాయి. మగపక్షికి పాటెంత అవసరమో, దాన్ని వాడే తెలివీ అంతే అవసరం. ఆ రెండోది పెద్దల మధ్య తన్నులు తింటూ వచ్చేది.

(ఒక పక్కమాట. ఈ వెస్ట్, కింగ్ ఇద్దరూ తర్వాత పసిపిల్లల వైపు కూడా చూశారు. 2003లో మైకేల్ గోల్డ్‌స్టీన్‌తో కలిసి చేసిన పనిలో, బిడ్డ ఊకొట్టగానే తల్లి నవ్వి తాకితే ఆ ఊకొట్టడమే మాటకు దగ్గరగా మారింది. మా చెల్లెలి కూతురికి తొమ్మిదో నెలలో ట్యాబ్ కొనబోతే ఇదే చెప్పి ఆపాను. మా బావగారికి ఇప్పటికీ కోపం.)

పోయిన వేసవిలో చెన్నైలోనే ఓఎంఆర్ రోడ్డు వైపు నుంచి ఒక జంట వచ్చారు, ఒంగోలు వాళ్ళు. మూడు వారాల పిల్ల కాక్‌టీల్‌ను తెచ్చి, చేత్తో మేపి, ఒక్కదాన్నే పెంచారు. ఇప్పుడు అది ఎదిగిన మగపక్షి. ఆయన కుర్చీలో కూర్చుంటే చాలు, పాదం దగ్గరికి దిగి రెక్కలు గుండె ఆకారంలో వెనక్కి పెట్టి ఈల పాట మొదలుపెడుతుంది. సరదాగా ఉందని రీల్ కూడా పెట్టారట. తోడు కావాలేమోనని ఆడపక్షిని తెస్తే దాని వేళ్ళు కొరికి రక్తం తెప్పించింది. కట్టు కడుతుంటే ఆ అమ్మాయి ఏడ్చేసింది. "మేమేం తప్పు చేశాం మేడమ్? పిల్లలా చూసుకున్నాం." తప్పేమీ లేదమ్మా, 'టేమ్ అవుతుంది, ఒక్కదాన్నే ఉంచండి' అని చెప్పి అమ్మినవాళ్ళు సగం మాటే చెప్పారు. కాలిఫోర్నియాలో 1980ల్లో ఇవే కాక్‌టీల్‌లను రెండు రకాలుగా పెంచి పోల్చారు. చేత్తో పెంచిన మగపక్షులు గూడు పెట్టె వైపు వెళ్ళడం తక్కువ. చేత్తో పెంచిన ఆడవి గుడ్లు పెట్టెలో కాకుండా తరచూ పంజరం నేల మీదే పెట్టేశాయి.

వాళ్ళకు చెప్పిందే మీకూ చెబుతాను. కొత్త పక్షిని నేరుగా అదే పంజరంలో వేయకండి. ముందు క్వారంటైన్, తర్వాత పక్కపక్క పంజరాలు, ఒకదాన్నొకటి చూసుకునేలా. వీలైతే తల్లిదండ్రుల దగ్గర పెరిగిన ఒక పెద్ద జంట కూడా అదే గదిలో ఉండాలి. ఒళ్ళో ఎక్కి సరసం మొదలుపెడితే కోప్పడకండి, నవ్వకండి, లేచి వెళ్ళిపోండి. వాళ్ళ మగపక్షి ఇప్పుడు ఆడదాని పక్కన ఒకే కొమ్మ మీద కూర్చుంటోంది. గుడ్లు లేవు. లేకపోయినా ఫర్వాలేదు.

ఫించ్ కొనేవాళ్ళకు: మూడు నెలలు నిండిన మగపక్షిని కొనండి, లేదా పిల్లతోపాటు పాడే పెద్ద మగపక్షిని కూడా తెచ్చుకోండి. ఇప్పటికే ఐదు వారాల పిల్లను ఒంటరిగా తెచ్చేశామని టెన్షన్ పడుతున్నారా? తలుపు ఆ రోజుకారోజు మూసుకుపోదు. గురువు దొరకని జీబ్రా పిల్లకు నేర్చుకునే కాలం కొంత సాగుతుంది. ఈ వారమే పెద్ద మగపక్షిని దగ్గర పెట్టండి. వచ్చే సంక్రాంతికి చూద్దాం అనుకోకండి.

అడవిలో కూడా పెద్దలు లేకపోతే ఇంతే. ఆస్ట్రేలియాలో రీజెంట్ హనీఈటర్ పక్షులు కొన్ని వందలే మిగిలాయి. 2021లో వచ్చిన అధ్యయనంలో, మగవాటిలో సుమారు 12 శాతం వేరే జాతుల పాటలు పాడుతూ కనిపించాయి. వినిపించే పెద్దలు చుట్టుపక్కల లేరు మరి. అలాంటి మగపక్షులకు జత దొరకడం కూడా తగ్గింది.

ఇక మిగతావి

*"కాకి గూట్లో పెరిగినా కోయిల కోయిలలాగే కూస్తుంది. కాబట్టి పాట రక్తంలోనే ఉంటుంది."* కోయిల విషయంలో నిజం. దాని కూత పుట్టుకతో వచ్చేదే. కోళ్ళు, పావురాలు కూడా అంతే. చెవిటిదైన కోడిపుంజు కూడా సరిగ్గానే కూస్తుంది. పాట నేర్చుకునేవి పాటపిట్టలు, చిలుకల జాతి, హమ్మింగ్ బర్డ్‌లు. మీ ఫించ్‌కు కోయిల రూలు పెట్టకండి.

*"నాలుక మీద వస రుద్దితే, పచ్చిమిర్చి పెడితే మాటలొస్తాయి."* రావు. పక్షికి స్వరం పుట్టేది ఛాతీలోని సిరింక్స్ అనే స్వరపేటికలో. మిర్చి ఘాటు పక్షులకు తెలియనే తెలియదు, కూరగాయలాగా తినేస్తాయి. నాలుక గీకి తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళతో నేను మర్యాదగా మాట్లాడలేను.

*"జత తెస్తే బడ్జీ మనతో మాట్లాడటం మానేస్తుంది."* (మీరు 'లవ్ బర్డ్స్' అనేవి బడ్జీలే.) కొంత తగ్గవచ్చు, ఒప్పుకుంటాను. మగ బడ్జీ తన జోడీ పిలుపును అనుకరించి దగ్గరవుతుంది. మీ మాటలు అనుకరించేదీ మీరు గుంపులో మనిషి కాబట్టే. రోజంతా ఆఫీసులో ఉండి, మాటల కోసం దాన్ని ఒంటరిగా ఉంచితే ఆ గుంపు ఏది? టీవీ ఆన్ చేసి వెళ్తే చాలదు. అమెరికా శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ దగ్గర అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే చిలుక ఇద్దరు మనుషులు ఎదురుగా మాట్లాడుకుంటుంటే మాటలు నేర్చుకుంది. వట్టి టేపులతో మిగతా గ్రే చిలుకలకు నేర్పబోతే ఒంటబట్టలేదు. మన గోరువంక కుటుంబానికే చెందిన స్టార్లింగ్‌లూ అంతే: మనుషులతో కలిసిమెలిసి పెరిగినవి మనుషుల మాటలు పట్టుకున్నాయి, మాటలు చెవిన పడినా మనుషులతో పొత్తు లేనివి పట్టుకోలేదు.

*"అద్దం పెడితే తోడు ఉన్నట్టే."* మగ బడ్జీ అద్దానికి మేత కక్కి పెడుతూనే ఉంటుంది, అవతలివాడు తీసుకోడు. తీసేయండి.

*"ఆడపక్షులు పాడవు."* జీబ్రా ఫించ్‌లలో పాడవు. ప్రపంచం మొత్తం మీద, 2014లో లెక్క చూసిన పాటపిట్టల జాతుల్లో 71 శాతంలో ఆడవి పాడతాయి.

*"బాగా పాడుతోందంటే సంతోషంగా ఉన్నట్టే."* చాలా జాతుల్లో జత దొరకని మగపక్షే ఎక్కువ పాడుతుంది. పాట ఒక్కటే చూడకండి. తిండి, రెట్ట, ఈకలు చూడండి.

చివరిగా, రామచిలుకకు మాటలు నేర్పడం ఎలా అని అడిగేవాళ్ళకు. రామచిలుక, మునియా, గోరువంక, ఏ దేశవాళీ అడవి పక్షినైనా ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పాత తరం నుంచి ఇంట్లో ఉన్నదే అయినా సరే. జబ్బుపడితే తీసుకురండి, వైద్యం చేస్తాను. తర్వాత అటవీశాఖ వాళ్ళకు అప్పగించే దారి కూడా చెబుతాను. మాటలు నేర్పే చిట్కాలు మాత్రం నా దగ్గర లేవు, అడగొద్దు.