లైను మార్చే ముందు, మార్చేటప్పుడు: ఇంటి ఇంటర్నెట్‌పై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, మున్నెకొళాల, కుందలహళ్లి చుట్టుపక్కల పద్నాలుగేళ్లుగా ఇళ్లలోనూ పీజీ హాస్టళ్లలోనూ నెట్‌వర్క్ పని చేస్తున్నాను. ఏ కంపెనీ ఉద్యోగినీ కాను. కంపెనీ మనిషి వచ్చి, ‘మా వైపు అంతా సరిగ్గానే ఉంది’ అని చెప్పి వెళ్లిపోయాక నన్ను పిలుస్తారు. సాయంత్రం ఏడు దాటితే ఫోన్లు మొదలవుతాయి. ఎక్కువమంది మనవాళ్లే, ప్రశ్న ఒకటే: ‘అన్నా, ఏ కంపెనీకి మారితే మంచిది?’

ఇప్పుడున్న లైను ఎందుకు చెడిందో చూడకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు చేతకాదు. కొత్త కంపెనీకి మారిన వాళ్లలో చాలామంది పాత జబ్బును వెంటబెట్టుకునే వెళతారు. ఎందుకంటే ఆ జబ్బు తీగలో ఉండదు, కంప్యూటర్‌లోనో రూటర్‌లోనో కూర్చుని ఉంటుంది.

అపోహ: కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకోకపోతే నెట్ రాదు.

చాలా లైన్లకు కావలసింది యూజర్ పేరు, పాస్‌వర్డ్, అంతే. ఆ రెండింటినీ తీసుకుని లోపలికి వదిలే పద్ధతిని పీపీపీఓఈ అంటారు. 1999 నుంచీ ఉన్న పద్ధతి ఇది. విండోస్ ఎక్స్‌పీ వచ్చిన నాటి నుంచే దాన్ని విండోస్‌లో కలిపి ఇస్తున్నారు. ఇప్పుడైతే ఆ పని కూడా రూటరే చేసేస్తుంది, కంప్యూటర్‌కు ఆ సంగతే తెలియదు. కొన్ని కంపెనీలు బ్రౌజరులో ఒక లాగిన్ పేజీ తెరుస్తాయి, దానికీ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

మరి ఆ ‘సహాయక’ ప్రోగ్రాం ఎందుకు ఇస్తారు? కంప్యూటర్ ఆన్ చేయగానే లేస్తుంది, మూలన చిన్న బొమ్మై కూర్చుంటుంది, కొత్త ప్లాను వచ్చిందని చెబుతుంది, స్పీడు పెంచుతానంటుంది. తీగలో లేని స్పీడును కంప్యూటర్‌లోని ప్రోగ్రాం తేలేదు. బిల్లు కట్టడానికి ఫోనులో యాప్ ఉంటే సరిపోతుంది. కంప్యూటర్‌లో మాత్రం వేయనివ్వకండి. కంపెనీ మనిషి పెన్ డ్రైవ్ జేబులోంచి తీసినప్పుడే వద్దని చెప్పండి, ఏమీ అనుకోరు.

అపోహ: తెర మీది బొమ్మను చెత్తబుట్టలో వేస్తే సాఫ్ట్‌వేర్ పోయినట్టే.

కిందటి వేసవిలో మున్నెకొళాలలో ఒక ఇంటికి వెళ్లాను. కదిరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న రిటైర్డ్ మాస్టారు. కొత్త లైను వచ్చి మూడు రోజులైంది. ఇంట్లో ఫోన్లు, టీవీ అన్నీ పనిచేస్తున్నాయి, ఆయన ల్యాప్‌టాప్ తప్ప.

‘కొత్త కంపెనీ వాళ్లు ల్యాప్‌టాప్ పాడైందని చెప్పి వెళ్లిపోయారు బాబూ’ అన్నారు.

‘పాత కంపెనీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉండేదా మాస్టారూ?’

‘ఉండేది. తీసేశాను. అదిగో, చెత్తబుట్టలో కూడా లేదు చూడండి.’

ప్రోగ్రాంల జాబితా తెరిస్తే అక్కడ నిక్షేపంగా ఉంది. అన్‌ఇన్‌స్టాల్ చేశాను, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అయినా బ్రౌజరు తెరుచుకోలేదు. నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ కొట్టాను, అంటే ‘ఉన్నావా’ అని పలకరించాను, నాలుగు జవాబులూ చక్కగా వచ్చాయి. అంటే నెట్ ల్యాప్‌టాప్ దాకా వచ్చింది, బ్రౌజరుకే అందడం లేదు. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ అనే చోట చూస్తే 127.0.0.1 అని ఉంది. అది ఆ కంప్యూటర్ సొంత చిరునామాయే. పాత ప్రోగ్రాం ప్రతి పేజీనీ ముందు తన దగ్గరికి రప్పించుకుని, తర్వాత బయటికి పంపేది. ప్రోగ్రాం పోయింది, ఆ చిరునామా మిగిలింది. ఖాళీ చేసి వెళ్లిన వాళ్ల ఇంటి తలుపు తడుతూ నిలబడినట్టుంది బ్రౌజరు పరిస్థితి. ప్రాక్సీ ఆపగానే పేజీ తెరుచుకుంది.

పని అక్కడితో అయిపోలేదు. పది నిమిషాలకోసారి ‘డయల్ చేయమంటారా’ అని ఒక కిటికీ లేస్తోంది. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో పాత డయల్ కనెక్షన్ ఇంకా ఉంది, దానికే ప్రతిసారీ డయల్ చేయాలని టిక్కు పెట్టి ఉంది. దాన్నీ తీసేశాను. సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ గడిలో పాత కంపెనీ అంకెలు పెట్టి ఉంటే ఆటోమేటిక్‌కు మార్చాను. మాస్టారు ఇచ్చిన కాఫీ అప్పటికి చల్లారిపోయింది.

కాబట్టి ‘ఫోనులో వస్తోంది, కంప్యూటర్‌లో రావడం లేదు’ అనే ఇంట్లో నేను లైను జోలికి పోను. ప్రోగ్రాంల జాబితా, ప్రాక్సీ, పాత డయల్ కనెక్షన్, డీఎన్‌ఎస్, ఇదే వరసలో చూస్తాను. మీరూ చూడవచ్చు, పావుగంట పని.

అపోహ: 100 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుంటే సెకనుకు 100 ఎంబీ దిగాలి.

అది మెగాబిట్టు, మెగాబైటు కాదు. ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. మోసమేమీ లేదు, కొలత వేరు.

స్పీడు లేదని చెప్పే వాళ్లను నేను మొదట అడిగేది, ఎక్కడ నిలబడి చూశారని. పడకగదిలో, రెండు గోడల అవతల, ఫోనులో చూసి కంపెనీని తిట్టడం న్యాయం కాదు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి పోతుంది కానీ నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగం, గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. మన పీజీ హాస్టళ్లలో 2.4 మీద ఒకదానికొకటి తగలకుండా ఉండే ఛానళ్లు మూడే, 1, 6, 11. ఆ మూడింటి మీదే వీధిలోని రూటర్లన్నీ అరుస్తుంటాయి. రూటర్‌కు తీగతో ల్యాప్‌టాప్ కలిపి, రాత్రి తొమ్మిదికి చూడండి. అప్పుడూ స్పీడు లేకపోతే కంపెనీని అడగండి. కంపెనీ సొంత సర్వర్ మీద చేసిన పరీక్షను ఒక్కదాన్నే నమ్మకండి, అది ఇంటి నుంచి వీధి చివరి దాకా ఉన్న వేగం చెప్పి ఊరుకుంటుంది.

అపోహ: ఫైబర్ పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితే వీధిలో తీగ తెగినట్టు.

తెగి ఉండవచ్చు. కానీ నేను చూసిన ఎర్ర దీపాల్లో మంచం కాలి కింద నలిగినవి, బీరువా వెనక మడతపడినవి తక్కువేం కాదు. ఫైబర్ అంటే జుట్టంత గాజు దారం. గట్టిగా వంచితే వెలుతురు బయటికి కారిపోతుంది. లైన్‌మ్యాన్ దగ్గర వెలుతురు ఎంత అందుతోందో కొలిచే పవర్ మీటర్ ఉంటుంది, అంకె అడగండి. మైనస్ 20 దగ్గర ఉంటే హాయి. మైనస్ 27 దాటితే ఎండకో వానకో పడిపోయే లైను అది. ఆ అంకెను మీరు కూడా కాగితం మీద రాసి పెట్టుకుంటే, మరోసారి వచ్చినప్పుడు మాట మారదు. ఊడిన తీగ చివర కన్ను పెట్టి మాత్రం చూడకండి, లోపలి వెలుతురు కంటికి కనిపించదు.

అపోహ: ఫైబర్ వచ్చి చేరే పెట్టె మన ఇంట్లో ఉంది కాబట్టి మన ఇష్టం.

సాధారణంగా కంపెనీ ఇచ్చిన పెట్టె కంపెనీదే. టీఆర్-069 అనే పద్ధతిలో దాని సెట్టింగులను ఆఫీసులో కూర్చునే మార్చగలరు. మీరు నిన్న పెట్టిన వైఫై పేరు ఇవాళ మారిపోయిందంటే దయ్యం కాదు, అదే కారణం కావచ్చు. నా మాట వింటే ఆ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే లైనును దాటించడం తప్ప ఇంకేమీ చేయకుండా, పెట్టించుకుని, వెనక సొంత రూటర్ పెట్టుకోండి. రేపు కంపెనీ మారినా వైఫై పేరు, పాస్‌వర్డ్ అవే ఉంటాయి, ఇంట్లో టీవీ, కెమెరా, గీజరు ప్లగ్గు అన్నిటికీ మళ్లీ చెప్పే బాధ ఉండదు. కొన్ని లైన్లలో రూటర్ మ్యాక్ చిరునామాను (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) కంపెనీ కట్టేసి పెడుతుంది. కొత్త రూటర్ తగిలించాక నెట్ రాకపోతే ఫోన్ చేసి ఆ కట్టు విప్పించాలి.

ఇంటి కెమెరాను ఊరి నుంచి చూసుకునే వాళ్లకు ఒక హెచ్చరిక. కొత్త కంపెనీ మీకు సొంత ఐపీ చిరునామా ఇవ్వకుండా, చాలామందికి కలిపి ఒకటే ఇవ్వవచ్చు. మీ రూటర్‌కు వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ గుంపులో ఉన్నట్టే. అప్పుడు రూటర్‌లో పోర్టు తెరిచి, అంటే బయటి నుంచి లోపలికి దారి వదిలి, చూసే పాత పద్ధతి పనిచేయదు. డబ్బు కట్టే ముందే స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) ఇస్తారా, ఎంతకిస్తారని అడగండి.

అపోహ: మొబైల్ నంబరులాగే బ్రాడ్‌బ్యాండ్‌నూ పోర్ట్ చేసుకోవచ్చు.

మొబైల్‌కు ఆ వసతి 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. ఇంటి లైనుకు లేదు. పాతది మూయాలి, కొత్తది తెరవాలి. ఫైబర్‌తో పాటు ఇచ్చిన ల్యాండ్‌లైన్ నంబరు కూడా పాత లైనుతోనే పోతుంది, దాన్ని బ్యాంకులోనో గ్యాస్ ఏజెన్సీలోనో ఇచ్చి ఉంటే ముందుగా మార్చుకోండి.

తొందరపడి పాతది ముందు మూసేవాళ్లే నాకు ఎక్కువ పని పెడతారు. నేనైతే కొత్తది వచ్చాక కనీసం నాలుగైదు రాత్రులు వాడి చూడమంటాను. ఆదివారం రాత్రి తప్పనిసరిగా. అప్పుడు పాత కంపెనీకి మూసేయమని యాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ‘చెప్పాను కదా’ అంటే కుదరదు. యాప్ తీసేసినంత మాత్రాన లైను మూసినట్టు కాదు, యూపీఐలో పెట్టుకున్న ఆటోపే మాండేట్‌ను విడిగా రద్దు చేయాలి. ప్రీపెయిడ్ ప్లానైతే రీచార్జ్ ఆపితే ఆగుతుంది కానీ పోస్ట్‌పెయిడ్‌లో బిల్లు నడుస్తూనే ఉంటుంది. పెట్టె తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీసి, రసీదు అడగండి. అడాప్టర్ కూడా పెట్టెతో పాటే ఇచ్చి రాయించుకోండి. మా వీధిలో ఒక అమ్మాయికి ఆ అడాప్టర్ గురించే ఏడాది పాటు ఫోన్లు వచ్చాయి.

అపోహ: ప్రకటనలో 499 అంటే నెలకు 499.

18 శాతం జీఎస్టీ కలిపితే 589 దగ్గర తేలుతుంది. ‘అన్‌లిమిటెడ్’ పక్కన చుక్క ఉంటే కింద చిన్న అక్షరాలు చదవండి.

అపోహ: ట్రాయ్‌కి రాస్తే వాళ్లే సరిచేస్తారు.

ట్రాయ్ టెలికాం నియంత్రణ సంస్థ, ఒక్కొక్కరి ఫిర్యాదు పట్టించుకునే సంస్థ కాదు. ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రం, అక్కడ ఇచ్చే డాకెట్ (ఫిర్యాదు) నంబరు. అక్కడ న్యాయం జరగకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీ. 2012 నాటి నిబంధనల ప్రకారం అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. అదీ కాకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915, ఆపైన వినియోగదారుల కమిషన్. డాకెట్ నంబరు లేకుండా పై మెట్లు ఎక్కడం కష్టం.

కస్టమర్ కేర్ నంబరును మాత్రం ఇంటర్నెట్‌లో వెతకకండి, బిల్లు మీద చూడండి. వెతికితే దొరికిన నంబరుకు చేస్తే, మీ తెర చూస్తామని ఒక యాప్ వేయించి బ్యాంకు ఖాతా ఊడ్చేసే వాళ్లున్నారు. అలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అపోహ: కంపెనీ మారితే లైను పడిపోవడం ఆగుతుంది.

కరెంటు పోతే నెట్ పోతోందని మారే వాళ్లు కొత్త కంపెనీని ఒక్క ప్రశ్న అడగాలి: మా భవనంలో మీ నెట్‌వర్క్ స్విచ్‌కు (లైనును ఇళ్లకు పంచే పెట్టె) కరెంటు కావాలా? నేరుగా ఇంటి దాకా ఫైబర్ వస్తే దారిలో ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు చీల్చే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, మీ పెట్టెకు ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ చాలు. మేడ మీద స్విచ్ పెట్టి అక్కడి నుంచి లాన్ తీగ లాగితే, ఆ స్విచ్‌కు బ్యాకప్ లేనంత వరకు మీ యూపీఎస్ ఉండీ లాభం లేదు.

తీగ విషయంలో నేను ముందు తల పైకెత్తి చూస్తాను. మా వైపు చాలా వీధుల్లో నాలుగు కంపెనీల తీగలూ ఒకే చెట్టు మీద, ఒకే స్తంభం మీద వేలాడుతుంటాయి. కొమ్మలు కొట్టే వాళ్లో స్తంభాలు శుభ్రం చేసే వాళ్లో వచ్చారంటే నాలుగూ ఒకేసారి పోతాయి. ఇంటి నుంచి పనిచేస్తూ రెండో లైను తీసుకునే వాళ్లు కంపెనీ పేరు కాదు, తీగ ఏ వైపు నుంచి వస్తుందో అడగాలి. పోయిన నెల ఒకాయన విసిగిపోయి కంపెనీ మార్చారు. కొత్త కంపెనీ తరఫున నిచ్చెన వేసుకుని వచ్చింది పాత లైన్‌మ్యానే, చొక్కా మీద పేరు ఒక్కటే వేరు. ‘స్వల్ప అడ్జస్ట్ మాడి సార్’ (కొంచెం సర్దుకోండి సార్) అంటూ పాత తీగ పక్కనే, అదే కొక్కేనికి, కొత్త తీగ కట్టి వెళ్లాడు.