ముందు తేదీ చూడండి: గాంధీపై అపోహలు, వాస్తవాలు

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆధునిక భారతదేశం పేపరు మొదలుపెట్టిన వారంలోనే ఎవరో ఒకరు ఫోన్ పైకెత్తి "సార్, ఇది నిజమేనా?" అంటారు. తెర మీద గాంధీ ఉంటాడు. ఒకప్పుడు ఆ ప్రశ్నలో కుతూహలం ఎక్కువ ఉండేది. ఇప్పుడు సగం మంది తీర్పు ముందే రాసుకొని వస్తున్నారు, అది హారతి కావచ్చు, తిట్టు కావచ్చు.

నేను తిరిగి అడిగేది ఒక్కటే: "ఏ తేదీ?" గాంధీ రాతలు, ప్రసంగాలు వంద సంపుటాలయ్యాయి. ఎవరికి కావలసిన వాక్యం వాళ్ళకి దొరుకుతుంది. ఈ చిక్కు ఆయనకీ తెలుసు. నా మాటల్లో రెండు పొసగకపోతే తర్వాత చెప్పినదాన్నే తీసుకోండి అని 1933లో హరిజన్ పత్రికలో రాశాడు. కొంత తెలివైన జవాబే, ఆయన వకీలు కదా. అయినా చరిత్ర చదివేవాడికి పనికొస్తుంది.

అపోహ: పాకిస్తాన్‌కి 55 కోట్లు ఇప్పించడానికే నిరాహారదీక్ష చేశాడు, అందుకే చంపారు.

ముందు ఆ డబ్బు సంగతి. దేశం రెండుగా చీలినప్పుడు ఖజానాలోని నగదు నిల్వలో పాకిస్తాన్ వాటా 75 కోట్లుగా తేలింది. 20 కోట్లు అప్పటికే ఇచ్చారు. మిగిలిందే ఈ 55 కోట్లు. ఈ లెక్కకి డిసెంబరు 1947లో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. కాశ్మీరులో యుద్ధం నడుస్తుండగా ఇస్తే అవి తూటాలై మన మీదికే వస్తాయని మన మంత్రివర్గం చెల్లింపు ఆపింది. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు.

గాంధీ జనవరి 13, 1948న దీక్ష మొదలుపెట్టాడు. డబ్బు విడుదల చేస్తున్నామని 15న ప్రభుత్వం ప్రకటించింది. డబ్బే కారణమైతే మర్నాడే దీక్ష విరమించాలి. 18 దాకా విరమించలేదు. ఆయన అడిగినవి వేరు. మెహ్రౌలీలో కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా ఉరుసు ఎప్పటిలాగే జరగాలి. ఢిల్లీలో ఆక్రమించిన మసీదులు తిరిగి అప్పగించాలి. సబ్జీమండీ, కరోల్‌బాగ్, పహాడ్‌గంజ్ వీధుల్లో ముస్లింలు భయం లేకుండా తిరగాలి. అన్ని వర్గాల పెద్దలూ సంతకాలు పెట్టి ఇచ్చిన హామీ పత్రంలో 55 కోట్ల ఊసే లేదు.

అలాగని "ఆ డబ్బుకీ దీక్షకీ సంబంధమే లేదు" అనే గాంధేయ మిత్రులతోనూ నేను ఏకీభవించను. ఇచ్చిన మాట తప్పడం దేశానికి పరువు తక్కువని ఆయన నమ్మాడు. ప్రభుత్వ నిర్ణయాన్ని ప్రార్థన సభలో మెచ్చుకున్నాడు కూడా. ఆయన మంచమెక్కి ఉండకపోతే మంత్రివర్గం అంత త్వరగా మనసు మార్చుకునేది కాదని నా అభిప్రాయం.

ఇక "అందుకే చంపారు" అన్నది. జూన్ 1934లో పుణేలో ఆయన ఉన్న కారనుకొని వేరే కారు మీద బాంబు విసిరారు. అప్పటికి పాకిస్తానూ లేదు, 55 కోట్లూ లేవు. ఆయన అంటరానితనానికి వ్యతిరేకంగా హరిజన యాత్రలో ఉన్నాడు. ఇక్కడ కూడా తేదీయే మాట్లాడుతుంది.

అపోహ: భగత్ సింగ్‌ని గాంధీ కావాలనే ఉరికి వదిలేశాడు.

అప్పటి వైస్రాయ్ ఇర్విన్ దగ్గర ఈ విషయాన్ని 1931 ఫిబ్రవరి 18న ఎత్తాడు, మార్చి 19న మళ్ళీ ఎత్తాడు. మార్చి 23 ఉదయం శిక్ష ఆపమని ఉత్తరం రాశాడు. ఆ సాయంత్రమే లాహోరు జైల్లో ఉరి తీశారు. ఇవన్నీ కాగితాల మీద ఉన్నాయి. కాబట్టి "కావాలనే" అన్న మాట నిలబడదు.

కానీ గాంధీ-ఇర్విన్ ఒడంబడిక మార్చి 5న కుదిరింది. అందులో శిక్ష తగ్గింపును ఆయన షరతుగా పెట్టలేదు. పెడితే ఇర్విన్ ఒప్పుకునేవాడా అన్నది ఊహ, పెట్టలేదన్నది వాస్తవం. కరాచీ కాంగ్రెస్‌కి వెళ్తే యువకులు ఆయన చేతికి నల్లపూలు ఇచ్చారు. ఆ కోపానికి ఆధారం ఉందనే నేను పిల్లలకి చెబుతాను.

కొన్నిటికి ఇంత సేపు అక్కర్లేదు. ఫోన్లలో తిరిగే ఫోటోలో విదేశీ యువతితో డాన్సు చేస్తున్న "గాంధీ" ఆస్ట్రేలియాలో ఒక విందులో గాంధీ వేషం కట్టిన నటుడు. ఇందిర భర్త ఫిరోజ్ పార్సీ, ఈ గాంధీకి చుట్టం కాదు. "నువ్వు చూడాలనుకున్న మార్పు నువ్వే కావాలి" అన్న వాక్యం వంద సంపుటాల్లో ఎక్కడా ఆ రూపంలో లేదు, గోడల మీద మాత్రం ఉంది. "జాతిపిత" ప్రభుత్వం ఇచ్చిన బిరుదు కాదు. 1944 జులైలో రేడియోలో ఆయన్ని అలా సంబోధించింది సుభాష్ చంద్రబోసు. ఆ ఇద్దరూ బద్ధశత్రువులని వాదించేవాళ్ళకి ఈ సంగతి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

రెండో చెంప చూపించమన్నది గాంధీ కాదు, క్రీస్తు. కొండ మీది ప్రసంగం గాంధీకి ఎంతో ఇష్టం, అది నిజమే. పిరికితనం, హింస తప్ప మూడో దారి లేకపోతే హింసనే ఎంచుకోమంటాను అని 1920లో రాశాడు. 1918లో ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి బ్రిటిష్ సైన్యానికి మనుషులను చేర్చే ప్రయత్నమూ చేశాడు.

అపోహ: జాత్యహంకారి అన్న ఆరోపణ విదేశీయుల కుట్ర.

కుట్ర కాదు, ఆయన రాతలే. 1893లో దక్షిణాఫ్రికా వెళ్ళిన ఆయన తొలి ఏళ్ళ రాతల్లో నల్లవాళ్ళను కించపరిచే మాటలున్నాయి. వాళ్ళతో భారతీయులను ఒక గాటన కట్టొద్దన్న వాదనా ఉంది. ఘనా విశ్వవిద్యాలయం 2018 డిసెంబరులో ఆయన విగ్రహాన్ని తీసేయడానికి కారణం అదే. 1908లో జోహన్నెస్‌బర్గ్‌లో మాట్లాడినప్పుడు అన్ని జాతులూ కలిసి బతికే దేశాన్ని ఊహించాడు. మనిషి మారాడు. కానీ అక్కడ ఆయన నడిపిన ఉద్యమాలు భారతీయులవే, ఆఫ్రికన్లను కలుపుకోలేదు. ఆ ఉద్యమాల్లో మనవాళ్ళూ ఉన్నారు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో నటాల్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. కూలి ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోయినవాళ్ళ మీద వేసి, వాళ్ళ నడ్డి విరిచిన మూడు పౌన్ల పన్ను 1913 సమ్మె తర్వాతే రద్దయింది.

అపోహ: కులాన్ని చివరిదాకా వెనకేసుకొచ్చాడు. దీనికి ఎదురు అపోహ: మొదటి నుంచీ కులానికి వ్యతిరేకి.

రెండూ తప్పే. 1921లో కులాంతర భోజనాల మీద, వివాహాల మీద నిషేధం ఆత్మోన్నతికి అవసరమని రాసింది ఆయనే. 1946కి వచ్చేసరికి, వధూవరుల్లో ఒకరు హరిజనులైతేనే తన ఆశ్రమం సేవాగ్రాంలో పెళ్ళి అన్నాడు. పాతికేళ్ళ దూరం.

అయితే తేదీల వరస పెట్టినంత మాత్రాన 1932 చెరిగిపోదు. దళితులకు వచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలకు (తమ ప్రతినిధిని దళితులే ఓటేసి ఎన్నుకునే ఏర్పాటు) వ్యతిరేకంగా ఆయన సెప్టెంబరు 20న యరవాడ జైల్లో దీక్షకి కూర్చున్నాడు. 24న పూనా ఒప్పందం మీద అంబేద్కర్ సంతకం పెట్టాడు. రాష్ట్ర శాసనసభల్లో దళితులకు కేటాయించిన సీట్లు 71 నుంచి 148 అయ్యాయి, తమ ప్రతినిధిని తామే ఎన్నుకునే హక్కు పోయింది. ఒక మనిషి ప్రాణాన్ని ఎదురుగా పెట్టి రాయించుకున్న ఒప్పందం అది. 1955లో బీబీసీకి ఇచ్చిన ఇంటర్వ్యూలోనూ, గాంధీని మహాత్ముడనడానికి అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఎందుకని పిల్లలు అడిగితే, ముందు ఆ నాలుగైదు రోజుల గురించి చదవమంటాను.

కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, తన కూతురు మనోరమకి దళిత యువకుడితో పెళ్ళి నిశ్చయించి గాంధీకి చెప్పాడు. సేవాగ్రాంలో చేద్దామన్నాడు గాంధీ. వాళ్ళు నాస్తికులు కాబట్టి ప్రమాణంలో దేవుడికి బదులు సత్యం అందామన్నదానికీ సరేనన్నాడు. పెళ్ళి మార్చి 13, 1948న సేవాగ్రాంలోనే జరిగింది. అప్పటికి గాంధీ పోయి 43 రోజులు.