38-ఇ వెనక ఒక వకీలు

హైదరాబాద్ చుట్టుపక్కల పాత సాగుభూముల దావాల్లో ఇప్పటికీ వినిపించే మాట '38-ఇ సర్టిఫికెట్'. రక్షిత కౌలుదారుకు, అంటే ఇష్టం వచ్చినట్టు తొలగించకుండా చట్టం కాపాడే కౌలుదారుకు, తాను దున్నే నేలపై యాజమాన్యం ఇచ్చే సెక్షన్ అది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టంలో 1954 సవరణతో చేరింది. అప్పటి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. అంతకుముందు ముఖ్యమంత్రిగా ఉన్న ఎం.కె. వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రీ ఆయనే.

1899లో పాలమూరు జిల్లా పడకల్లులో పుట్టారు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు, బూర్గుల సొంతూరు. పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా తీసుకుని హైదరాబాద్‌లో వకీలు అయ్యారు. నిజాం కోర్టుల్లో వ్యవహారమంతా ఉర్దూలోనే నడిచేది. ఉర్దూ, ఫార్సీల్లో ఆయన పండితుడు. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు తొలినాళ్లలో ఆయన దగ్గరే జూనియర్.

ఆ రోజుల్లో వకీళ్లే ఎందుకు ముందుకొచ్చారన్నది ఆలోచించాలి. గష్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు వల్ల సర్కారు అనుమతి లేకుండా సభ పెట్టడానికి వీల్లేదు. సర్కారీ నౌకరీలో ఉన్నవాడు నోరెత్తలేడు. వకీలుకు సొంత సంపాదన ఉంది, చట్టం తెలుసు, భూమి తగాదాలతో పల్లెల నుంచి వచ్చే కక్షిదారుల గోడు రోజూ చెవిన పడేది. మాడపాటి హనుమంతరావు, సురవరం ప్రతాపరెడ్డి కూడా వకీళ్లే. 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు బూర్గుల అధ్యక్షుడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. కోర్టు నుంచి రాజకీయాల్లోకి ఆయన ఒక్కరోజులో దూకలేదు, ఏళ్ల తరబడి రెండూ కలిసే నడిచాయి.

అయితే కౌలుదారీ చట్టం ఒక్క మనిషి దయాగుణంతో వచ్చింది కాదు. తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం భూమి ప్రశ్నను సర్కారు ముందు నిలబెట్టింది. ఆ ఒత్తిడికి చట్టరూపం ఇచ్చే పని బూర్గుల హయాంలో సాగింది. ఆయన గొప్పతనం అక్కడుందని నా నమ్మకం. లోపమూ అక్కడే ఉంది: కౌలుదార్లు ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు కాగితాలు రాయించుకుని వాళ్లను తప్పించే దారిని ఆ చట్టం గట్టిగా మూయలేకపోయింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. బూర్గుల కేరళకు, ఆపై ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా వెళ్లారు. చట్టం అమలు వేరేవాళ్ల చేతికి పోయింది. 38-ఇ సర్టిఫికెట్లు తెలంగాణ జిల్లాల్లో పెద్దఎత్తున అందింది 1970లలో. ఆ మధ్యకాలంలో చేతులు మారిన నేలే నేటి దావాల్లో చాలావాటికి మూలం.