మందం గోడ భూకంపాన్ని ఆపుతుందా? అపోహలు - వాస్తవాలు

2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. అప్పటి నుంచి స్ట్రక్చరల్ ఇంజినీరునైన నాకు వచ్చే ఫోన్లలో ఒకటే మాట: “మాది రెండడుగుల రాతి గోడ సార్, మాకేం కాదు కదా?”

ప్రాణాల మీదికి తెచ్చే అపోహ ఇదే. 1897 జూన్ 12 సాయంత్రం షిల్లాంగ్ ప్రాంతంలో వచ్చిన భూకంపం తీవ్రత 8 దాటింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన ఆర్.డి. ఓల్డ్‌హామ్ దాన్ని పరిశీలించి 1899లో నివేదిక ఇచ్చారు. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. చెక్క ఫ్రేముకు రెల్లు తడికలు కట్టి పూత పూసిన ఇళ్లలో పొగగొట్టాలు కూలాయి, పూత పగిలింది, ఇళ్లు మాత్రం నిలిచాయి. జనం చాలామంది ఆరుబయట ఉన్న వేళ కాబట్టి మృతులు 1,500 దగ్గర ఆగారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో తీవ్రత 6.2 మాత్రమే. రాతి గోడల కింద నిద్రలోనే వేల మంది పోయారు.

కారణం బరువు. కింద నేల పక్కకు జరుగుతుంది, పైనున్న బరువు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. బరువు పెరిగేకొద్దీ గోడ మీద పడే బలమూ పెరుగుతుంది. పైగా మన పాత గోడల్లో బయటొక వరస, లోపలొక వరస, మధ్యలో మట్టీ చిల్లరాళ్లూ. రెండు వరసల్నీ పట్టి ఉంచే అడ్డురాయి లేకపోతే ఊపుకు చెరోవైపు విడిపోతాయి, కప్పు కిందికి దిగుతుంది.

ములుగు వైపు ఒక పెద్దామె డిసెంబరు భూకంపం తర్వాత చాలా రోజులు చలిలో అరుగు మీదే పడుకుంది. వెళ్లి చూస్తే మూలలో రెండు గోడలు కలిసేచోట వేలు దూరేంత సందు. “ఇల్లు కూలగొట్టాల్నా బిడ్డా?” అని అడుగుతుంటే గొంతు వణుకుతోంది. అక్కర్లేదని చెప్పాను. గోడలో అక్కడక్కడా అవతలి వైపు దాకా రంధ్రం చేసి, ఊచ పెట్టి కాంక్రీటు నింపితే అదే అడ్డురాయిగా పనిచేస్తుంది. కిటికీల పైన ఇల్లంతా చుట్టి వచ్చేలా బ్యాండు, అంటే ఊచలున్న కాంక్రీటు పట్టీ, వేస్తే మూలలు విడిపోవు. అప్పటిదాకా ఆ గోడ పక్కన మంచం వేయొద్దన్నాను.

మిగతావి క్లుప్తంగా. “రాత్రి రెండింటికి పెద్దది వస్తుందట” అనే వాట్సాప్ మెసేజీలు పచ్చి అబద్ధాలు. ఏ రోజు, ఏ గంటకు వస్తుందో చెప్పగల పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. వాటిని ఫార్వర్డ్ చేసి ముసలివాళ్లనీ పసిపిల్లలనీ రోడ్డు మీదికి తేకండి. చిన్నవి వస్తే పెద్దది తప్పుతుందన్నదీ నిజం కాదు. 8 తీవ్రతలో ఉన్న శక్తి 6 తీవ్రతకు సుమారు వెయ్యి రెట్లు, అంత శక్తి చిన్నవాటితో తీరిపోదు.

పిల్లర్ల ఇల్లు కడుతున్నవాళ్లు స్లాబు మందం గురించి కాకుండా, పిల్లరు ఊచల చుట్టూ కట్టే ఇనుప రింగుల గురించి అడగండి. రింగు కొసలు రెండూ 135 డిగ్రీలకు వంగి కాంక్రీటు లోపలికి ఉండాలి. 90 డిగ్రీల దగ్గరే ఆపేస్తే, పోత పోయకముందే మళ్లీ వంచమనండి.